ట్రాకు మనమే కట్టుకుంటే మార్కులు ఎవరికెయ్యాలె?

ఈసారి ఉత్తరం అచ్చంపేట పోరనిది. మహబూబ్‌నగర్ల డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండు, హాస్టల్ల ఉంటడు. పేరు వెయ్యకన్నా అన్నడు కాబట్టి వేస్తలేను. మస్తు పొడుగు రాసిండు, నేను జర కుదించిన.

"అన్నా నమస్తే. నేను, మా దోస్తు కలిసి తెలుగుల గేమ్ రివ్యూలు రాస్తున్నం, ఇప్పటికి ఐదు అయినయి. ఈ మధ్య వచ్చిన ఒక ఆర్కేడ్ రేసింగ్ గేమ్ (నిజం కారు లెక్క కాకుండ సరదాకు తోలేది) ఇద్దరం పైసలు కలిపి కొన్నం. బొమ్మ కార్లు, లూపులు, జంపులు ఉంటయి, ట్రాకులు మనమే కట్టుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన ట్రాకులు నాకు నాలుగు రోజుల్లనే బోర్ కొట్టినయి, 6 ఇద్దామన్న. మావోడు లేదురా, ట్రాకులు మనమే కట్టుకుంటే గేమ్ ఎన్నటికీ ఒడవది, 9 ఇయ్యాలె అంటుండు. లొల్లి అయ్యి వారం సంది రివ్యూ ఆగింది. మనం కట్టిన ట్రాక్ బాగుంటే అది గేమ్ గొప్పనా, మన గొప్పనా? మార్కులు ఎవరికెయ్యాలె? ఇంకోటి, మా తాన చేతుల పట్టుకొని ఆడే కంట్రోలర్ లేదు, కీబోర్డ్ మీదనే ఆడినం. 1,500 పెట్టి కొనాల్నా? రివ్యూ కింద పెట్టిన, చూసి చెప్పు."

తమ్మీ, మంచి ప్రశ్ననే అడిగినవ్, కానీ మీ లొల్లిల తప్పెవరిదంటే ఇద్దరిదీ. నువ్వేమో కంపెనీ వండిపెట్టిన కూర తిని చెయ్యి కడుక్కొని లేచినవ్, మీ దోస్తేమో ఇంకా పొయ్యి ముట్టియ్యకముందే బువ్వ మస్తుంది అంటుండు.

నార్కట్‌పల్లి కాడ హైవే మీద ఒక హోటల్ ఉన్నదనుకో. ఆయన "గిన్నెలు మావి, పొయ్యి మాది, వండుకునుడు మాత్రం మీరే" అన్నడనుకో. నువ్వు వండిన కూర బాగుంటే ఆ మెప్పు హోటలాయనకు పోదు కద, నీకే. కానీ పొయ్యి సక్కగ మండిందా, గిన్నె అడుగంటిందా, ఉప్పు డబ్బ చేతికందే కాడ పెట్టిండా లేక అటక మీద పెట్టిండా, నువ్వు వండింది పక్క టేబుల్ వాళ్లకు కూడ వడ్డించనిచ్చిండా, ఇయన్నీ హోటలాయన ఖాతాల రాసుడే. ట్రాక్ ఎడిటర్ (ట్రాకులు కట్టుకునే పనిముట్టు) ఉన్న గేమ్ రివ్యూ కూడ గంతే. నువ్వు కట్టిన ట్రాక్‌కు మార్కులు వెయ్యకు, నిన్ను కట్టనిచ్చిన తీరుకు వెయ్యి.

ఇప్పుడు నీ రివ్యూకు వస్త. 14 లైన్లు రాసినవ్, అండ్ల ఎడిటర్ గురించి ఒకటే లైన్ ఉన్నది, "ట్రాక్ బిల్డర్ కూడా ఉంది, చాలా బాగుంది, క్రియేటివిటీ ఉన్నవాళ్లకు పండగే." పండగనో దినమో నీకెట్ల తెలుసు, ఒక్క ట్రాకన్న కట్టినవా? నాకైతే కట్టలేదనే అనిపిస్తుంది, ఎందుకంటే కట్టినోడు అట్ల రాయడు, కట్టినోడు తిట్టుకుంట రాస్తడు లేకపోతే మురుసుకుంట రాస్తడు, యాడనో ఒక కాడ ఒక మలుపు గురించి, ఊడిపోయిన ఒక ముక్క గురించి పట్టుకొని వేలాడుతడు.

నేను కూడ ఇదే గేమ్ మూడు వారాల సంది ఆడుతున్న (పేరు ఈడ రాస్తలేను, మీ రివ్యూనే ముందు బయటికి రానీ). ఏ గేమ్ల ఎడిటర్ ఉన్నా నేను చేసే మొదటి పని ఒకటే, నాకు బాగ ఎరుకున్న రోడ్డు ఒకటి పట్టుకొని అది కట్టనిస్తదా లేదా చూస్త. ఎందుకంటే ఊకనే కూసుంటే మనసుల ఏ ట్రాకూ రాదు, ఎడిటర్ ఏది చేతికిస్తే అదే అతికించి నేను అనుకున్నదే కట్టిన అనుకుంటం. ఎరుకున్న రోడ్డయితే తేడా వెంటనే దొరుకుతది. ఈసారి మీ దిక్కు రోడ్డే పట్టిన, శ్రీశైలం రోడ్డు. మన్ననూర్ నుంచి మొత్తం కాదు, దోమలపెంట దాటినంక డ్యామ్ దిక్కు కిందికి దిగుతది చూడు, ఆ ఘాట్ ముక్క. అసలు రోడ్డుకైతే పులుల అడవి అని రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక చెక్‌పోస్ట్ కాడ గేట్ ఏస్తరు, నేను మాత్రం రాత్రి 11కు కూసుని ఘాట్ దిగుడు మొదలువెట్టిన.

మొదటి అర్ధగంట మస్తు ఖుషీ. సాఫు రోడ్డు ముక్కలు అయస్కాంతం లెక్క ఒకదానికొకటి పట్టుకుంటున్నయి, వాలు ఇద్దామంటే ఇస్తుంది. మూలమలుపు కాడికొచ్చేసరికి కథ మొదలైంది. అసలు ఘాట్ల మలుపు తిరిగేటప్పుడే రోడ్డు కిందికి కూడ దిగుతది, రెండూ ఒక్కసారే అయితయి, స్టీరింగ్ తిప్పుకుంటనే బ్రేక్ మీద కాలుంటది. ఈ గేమ్ల మలుపు ముక్క వేరే, వాలు ముక్క వేరే. తిరిగినంక దిగాలె, లేకపోతే దిగినంక తిరగాలె. దాన్ని వదిలేసి ముందుకు పోయిన, నాలుగో మలుపు కాడ రోడ్డు జర పైకి లేపితే దాని ఎనుక కట్టిన పదకొండు ముక్కలు పటపట ఊడినయి, మళ్ల ఒక్కొక్కటి తీసుకొచ్చి అతికియ్యాలె. కండ్లల్ల నీళ్లొచ్చినయి అంటే అబద్ధం గానీ లేచి పోయి చాయ్ పెట్టుకున్న మాట నిజం. ఇంకో దిక్కు చూస్తే, ఒక బటన్ నొక్కితే కారు సీదా ఆ మలుపు మీదనే దిగుతది, ఆ ఒక్క మలుపు తోలి చూసుకొని మళ్ల బటన్ నొక్కితే ఎడిటర్లకు వస్తం, లోడింగ్ అని ఆగుడు లేదు. అది మాత్రం కడుపు నింపింది. 1 నిమిషం 10 సెకన్ల ట్రాక్‌కు నాకు 2 గంటల 40 నిమిషాలు పట్టింది.

చూడు, ఇప్పుడు నేను చెప్పిన ఈ ముచ్చట్ల ఎన్ని సంగతులు తెలిసినయో. ముక్కలు ఎట్ల అతుకుతయి, మధ్యల ఒకటి మారిస్తే ఏమైతది, కట్టినదాన్ని వెంటనే తోలనిస్తదా, ఒక నిమిషం ట్రాక్‌కు ఎంత టైమ్ పడుతది. నీ రివ్యూ చదివేటోనికి కావాల్సింది ఇదే, వాడు కొన్నంక ఆదివారం పూట ఏం చేస్తడో వానికి ముందే కనవడాలె.

ఇది సగమే. మిగిలిన సగం నాకు మా అక్క కొడుకు చెప్పిండు, నాలుగో తరగతి. నేను కట్టిన ఘాట్ నాకు మస్తు నచ్చింది, పదిసార్లు తోలిన, ఒక్కసారి కూడ పడలే. ఆదివారం వాడొస్తే కంట్రోలర్ వాని చేతుల పెట్టిన. మొదటి మలుపు సక్కగ తిరిగిండు, రెండోది తిరిగిండు, మూడోదాని కాడ సీదా పోయి లోయల పడ్డడు. మళ్ల పడ్డడు. ఐదుసార్లు పడ్డంక "మామా, ఈడ రోడ్డు కనవడ్తలేదు" అన్నడు. నేను వాని ఎనుక నిలబడి చూస్తే నిజమే, మిట్ట ఎక్కి దిగంగనే మలుపుంది, కెమెరా కారు ఎనుక కిందికి ఉంటది కాబట్టి మిట్ట మీద ఉన్నంతసేపు ముందట ఆకాశమే కనిపిస్తుంది. నాకెందుకు తెల్వలేదంటే, కట్టింది నేనే కద, మలుపు యాడుందో నా వేళ్లకు తెలుసు, చూడకుండనే తిప్పుతున్న. అసలు ఘాట్ మీద ఆ జాగల మూలమలుపు అని బోర్డు ఉంటది, తెల్ల పిట్టగోడ ఉంటది. నేను రోడ్డు కట్టిన గానీ బోర్డు పెట్టలే.

బాణం గుర్తు పెట్టిన. పెట్టినంక మావాడు ఇంకో ఘనకార్యం చేసిండు, రెండో మలుపు తిరగకుండ బూస్ట్ (ఒక్కసారే స్పీడ్ పెంచేది) నొక్కి ఎగిరి సీదా నాలుగో మలుపు రోడ్డు మీద దిగిండు. 1:10 ట్రాక్ 41 సెకన్లల్ల అయిపోయింది. గేమ్ కూడ సప్పుడు చేయకుండ ఫినిష్ అని రాసింది. అంటే ఈ గేమ్ల చెక్‌పాయింట్ (తప్పకుండ దాటి పోవాల్సిన గుర్తు) మనమే పెట్టుకోవాలె, పెట్టకపోతే అది ఏమీ అనది, హెచ్చరిక కూడ ఇయ్యది. ఇది రివ్యూల రాయాల్సిన పాయింటా కాదా నువ్వే చెప్పు. ఒక్కనివే కూసుని వంద గంటలు ఆడినా ఇది నీకు దొరకది. అందుకే నువ్వు కట్టిన ట్రాక్ మీ దోస్తుకియ్యి, వాడు కట్టింది నువ్వు తోలు, ఒకరికొకరు ముందుగాల ఏం చెప్పుకోవద్దు. మీ లొల్లి సగం ఆడనే తెగుతది.

ఈ ట్రాకులు కట్టుకునుడు కొత్త సంగతేం కాదు, కంపెనీలు "మొట్టమొదటిసారి" అన్నట్టు ఊదరగొడుతయి, మీరు కూడ అదే ఎత్తి రాసిన్రు కాబట్టి చెప్తున్న. 1984ల నింటెండో ఎక్సైట్‌బైక్ అని మోటార్ సైకిల్ గేమ్ తెచ్చింది, దాంట్లనే మిట్టలు, గుంతలు వరుసగ పేర్చి సొంత ట్రాక్ చేసుకునే డిజైన్ మోడ్ ఉండె. తమాష ఏందంటే, కట్టిన ట్రాక్ దాచుకోవాలంటే క్యాసెట్ టేపు మీద రికార్డ్ చేసే ఒక డబ్బా కావాలె, ఆ డబ్బా జపాన్ల తప్ప యాడ అమ్మలే. అమెరికా పోరగాళ్లు పొద్దంత కట్టుడు, స్విచ్ ఆపంగనే గాయబ్. సేవ్ అయితదా, యాడ సేవ్ అయితది, ఇంకొకరికి ఎట్ల పోతది అనే ప్రశ్న నలభై ఏండ్ల కింద ఎంత పెద్దదో ఇయ్యాల కూడ అంతే.

మా కాలానికొస్తే రీ-వోల్ట్. 1999ల వచ్చింది, రిమోట్ కార్లు, పిల్లలు ఆడుకునేటియి. నల్లగొండల క్లాక్ టవర్ దిక్కు ఒక నెట్ సెంటర్ ఉండె, గంటకు 20 రూపాయలు, ఒక సిస్టమ్‌కు ముగ్గురం. సూపర్‌మార్కెట్ ట్రాకుల ఫ్రిజ్‌ల మధ్యల నుంచి కారు పోతుంటే మేము ఇటు కుర్చీలల్ల వంగుతుంటిమి. దానికి కూడ ట్రాక్ ఎడిటర్ ఉండె, నేను ఒకటి కట్టిన, తెల్లారి పోతే ఆ సిస్టమ్ ఫార్మాట్ కొట్టిండు నెట్ సెంటరాయన. ఇప్పటికీ ఆ గేమ్‌ను అభిమానులు బతికించుకుంటున్నరు, కొత్త కంప్యూటర్ల మీద నడిచేటట్టు ఆర్‌వీజీఎల్ అని చేసి పెట్టిన్రు, జనం కట్టిన ట్రాకులు లెక్కలేనన్ని ఉన్నయి. కావాలంటే అది చూడు, పాత ల్యాప్‌టాప్ మీద కూడ ఉరుకుతది.

ఇగ ట్రాక్ కట్టుడంటే ఎవరైనా కొలిచేది ట్రాక్‌మేనియాతోని. ఫ్రాన్స్‌ల నాదియో అనే స్టూడియో 2003ల మొదలువెట్టింది, 2020ల వచ్చినదైతే ఫ్రీగనే దింపుకొని ఆడొచ్చు, అన్నీ కావాలంటే పైసలు. అండ్ల ఒక రూల్ ఉన్నది, నాకు దాని మీద మస్తు గౌరవం. నువ్వు ట్రాక్ కట్టినంక ముందుగాల నువ్వే దాన్ని మొదలు నుంచి ఆఖరు దాక తోలి పూర్తి చెయ్యాలె. తోలకపోతే ఆ ట్రాక్ చెల్లదు. నువ్వు తోలిన టైమే ఆథర్ మెడల్ అయితది, కంచు, వెండి, బంగారం మెడళ్ల పైన అదుంటది. అంటే ఎవడో తిక్కోడు ఎవరూ దాటలేని జంప్ పెట్టి జనాన్ని సతాయించే వీలు తక్కువ, కట్టినోడు కనీసం ఒక్కసారన్న దాటిండు అని గ్యారంటీ. ఆన్‌లైన్ల రేస్ పెట్టుకున్నా కార్లు ఒకదానికొకటి తగలయి, ఒకదాంట్ల నుంచి ఇంకొకటి దయ్యం లెక్క పోతది, కాబట్టి గెలుపు ఓటమి మొత్తం నీకూ రోడ్డుకూ మధ్యనే. జనం కట్టిన ట్రాకుల్లనుంచి రోజుకొకటి ఏరి అందరి ముందట పెడుతరు, మూడు నెలలకోసారి కంపెనీ సొంతంగ 25 ట్రాకులు దింపుతది. మీ గేమ్‌ల ఈ తోలి చూపించే రూల్ ఉన్నదా? చూసి రాయి. నేను చూసిన, నేను చెప్ప.

బొమ్మ కార్ల గేమ్ అన్నవ్ కాబట్టి చదివేటోళ్లు హాట్ వీల్స్ అన్‌లీష్డ్‌తోని పోలుస్తరు, అది 2021ల వచ్చింది, ఇటలీ వాళ్ల మైల్‌స్టోన్ చేసింది, 2023ల రెండోది కూడ వచ్చింది. ఆ రెండిట్ల ఒక్కటన్న నువ్వు ఆడి ఉంటే ఒక లైన్ పోల్చు, ఆడకపోతే పోల్చకు, వీడియో చూసి పోల్చినోడు ఎంటనే దొరికిపోతడు.

ఇప్పుడు నీకు బోర్ కొట్టిన కంపెనీ ట్రాకులు. వాటిని తక్కువ చెయ్యకు. ఎడిటర్ ఉన్న గేమ్‌ల కంపెనీ ట్రాకులు ఏందంటే మేస్త్రి కట్టి చూపించిన గోడ లెక్క, గీ ముక్కతోని గిట్ల కూడ చేయొచ్చా అని చూసి నేర్చుకునేటందుకు. నాలుగు రోజుల్ల బోర్ కొట్టినయి అంటే రెండు కారణాలుండాలె, రోడ్డు బాగలేకపోవుడు లేకపోతే కారు బాగలేకపోవుడు. నువ్వు రోడ్డు మీదికి తోసినవ్. నాకు కారు మీద అనుమానం. కారు తోలుడే మజా లేకపోతే నువ్వు వెయ్యి ట్రాకులు కట్టినా ఆ వెయ్యీ బోరే, మీ దోస్తు 9 ఆడనే కూలుతది.

కారు సంగతి తేల్చేటందుకు నేను కొన్ని పిచ్చి పనులు చేస్త. ఆఖరి ల్యాప్‌ల ఫస్ట్ ఉన్నప్పుడు కావాలని రోడ్డు పక్కకు ఆపి ఐదు లెక్కవెట్టి మళ్ల ఉరుకుత. ఎనుకున్నోళ్లు దాటిపోయి మళ్ల నాకోసమే నెమ్మదైనట్టు అనిపిస్తే అది రబ్బర్ బ్యాండ్, అంటే నువ్వు ముందుకు పోతే వాళ్లను గుంజి దగ్గర పెడుతది, నువ్వు ఎనుకబడితే వాళ్లను ఆపుతది. కొంచెముంటే రేస్ రంజుగ ఉంటది, ఎక్కువుంటే మొదటి రెండు ల్యాప్‌లు నువ్వు ఎట్ల తోలినా ఒకటే, ఆఖరుకు ఎవడు బూస్ట్ దాచుకున్నడో వాడే గెలుస్తడు. నీకు బోర్ కొట్టింది దీనితోనే కావచ్చు, చూడు.

లూప్ కాడ ఇంకో పని. స్కూల్ల చదివిందే, 20 మీటర్ల ఎత్తుండే గుండ్రటి లూప్ పైకొసల కారు పడిపోకుండ ఉండాలంటే ఆడ గంటకు సుమారు 36 కిలోమీటర్ల స్పీడ్ ఉండాలె, ఇంజన్ లేకుండ ఊపు మీదనే ఎక్కాలంటే కింద 80 దాక ఉండాలె. చిన్నప్పుడు ప్లాస్టిక్ ట్రాక్ మీద బొమ్మ కారు వదిలితే లూప్ సగంల పడేది చూడు, లూప్ కంటే కనీసం పావు వంతు ఎక్కువ ఎత్తు నుంచి వదలకపోతే అట్లనే పడుతది, రాపిడి ఉంటది కాబట్టి ఇంకా జర పై నుంచే వదలాలె. మరి ఈ గేమ్‌ల లూప్ పైకొసల బ్రేక్ కొట్టి చూడు. పడుతదా, లేకపోతే బల్లి లెక్క అతుక్కుంటదా? రెండిట్ల ఏది తప్పు అని కాదు, ఆర్కేడ్ గేమ్ నిజం లెక్కనే ఉండాలని లేదు. కానీ పడకపోతే లూప్ అనేది ఉత్త బొమ్మ, కట్టేటోడు స్పీడ్ గురించి ఆలోచించే పనే లేదు. పడితే మాత్రం లూప్ ముందట ఎంత సాఫు రోడ్డు ఇయ్యాలె, బూస్ట్ ముక్క యాడ పెట్టాలె అని కట్టేటోని బుర్రకు పని వడుతది. నేను ఈ ఒక్క పరీక్షతోనే ఎడిటర్‌ల ఎంత సరుకుందో అంచనా వేస్త.

మీ ల్యాప్‌టాప్ ఏదో రివ్యూల రాయలే, రాయాలె. "స్మూత్‌గా నడిచింది" అన్నవ్, దేని మీద? 200 కిలోమీటర్ల స్పీడ్‌ల కారు సెకనుకు 55 మీటర్లు పోతది, స్క్రీన్ సెకనుకు 30 బొమ్మలే చూపిస్తుంటే ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య కారు దగ్గర దగ్గర రెండు మీటర్లు దుంకుతది, 60 చూపిస్తే మీటర్ లోపే. మలుపుల అంచు కాడ ఈ మీటర్ తేడానే బతుకుడు, పడుడు. మీ హాస్టల్ల ఉన్నసొంటి ల్యాప్‌టాపులే చదివేటోళ్ల తాన కూడ ఉంటయి, మీరు సెట్టింగులు ఎంత తగ్గిస్తే మంచిగ నడిచిందో చెప్తే దండం పెడుతరు. పెద్ద ట్రాక్ కట్టినంక, బొమ్మలు, లైట్లు, చెట్లు గిట్ల నింపినంక కూడ అదే స్పీడ్ ఉన్నదా చూడు, నాకైతే ఘాట్ పక్కన చెట్లు నింపంగనే గుంజుడు మొదలైంది, అడవి కొట్టేసి ఆడాల్సి వచ్చింది.

జనం కట్టిన ట్రాకుల గురించి మీరిద్దరూ ఏం రాయలే. మీ దోస్తు అన్న "ఎన్నటికీ ఒడవది" అనే మాట నిజమైతే దీనితోనే నిజం అయితది, ఎందుకంటే నువ్వొక్కనివి ఎన్ని కడుతవ్, మూడు కడుతవ్, నాలుగు కడుతవ్, మిగిలినయి బయటి నుంచి రావాలె. వెతికితే దొరుకుతయా? చిన్నయి, పెద్దయి, కష్టమైనయి అని విడగొట్టి చూపిస్తదా? చెత్త ట్రాకులు పైకొస్తున్నయా? నేను చూసిన రోజు మొదటి పేజీల ఇరవైల ఏడెనిమిది ట్రాకులు సాఫు రోడ్డు మీద బూస్ట్ ముక్కలు పేర్చి పాయింట్లు గుంజుకునేటియే. అవి అట్లనే ఉంటయా, పోతయా అనేది తెల్వాలంటే రెండు వారాలన్న ఆగాలె. అందుకే లొల్లితోని రివ్యూ వారం ఆగింది అని బాధపడకు, మంచికే ఆగింది. అందరికంటే ముందు రాయాలని ఉంటే కారు గురించి ఇప్పుడు రాయి, ట్రాకుల గురించి రెండో భాగం తర్వాత రాయి.

ఇంకా ముఖ్యం, నెట్ లేకపోతే నువ్వు కట్టిన ట్రాక్ తెరుచుకుంటదా? వైఫై ఆపి చూడు, రెండు నిమిషాల పని. ది క్రూ అని 2014ల వచ్చిన రేసింగ్ గేమ్ ఉండె, ఎప్పుడూ సర్వర్‌తోని కలిసి ఉండాల్సిందే, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసిన్రు, పైసలు పెట్టి కొన్నోళ్లు కూడ ఇగ ఆడలేకపోయిన్రు. ట్రాకులు మొత్తం కంపెనీ సర్వర్‌ల ఉండే గేమ్‌ల నువ్వు కట్టిన ఘాట్ కిరాయి ఇంట్ల పెట్టిన సామాను లెక్క, ఓనర్ తాళం ఎప్పుడేస్తడో తెల్వదు. నీ కంప్యూటర్‌ల ఫైల్ ఉంటే ఆ భయం లేదు.

పైసల ముచ్చట. ఇద్దరు కలిపి కొన్నమన్నరు, రివ్యూల ఆ మాట రాయున్రి, బాగుంటది. స్టీమ్‌ల (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) కొంటే కొన్న 14 రోజుల లోపల, 2 గంటల కంటే తక్కువ ఆడితే వాపస్ చేసే వీలుంటది, కానీ ఎడిటర్‌ల కూసున్న టైమ్ కూడ ఆడిన టైమ్‌లనే లెక్క, చాలమందికి తెల్వదు. నా 2 గంటల 40 నిమిషాల ఘాట్ చూడు, ఒక్క ట్రాక్ పూర్తి కాకముందే గడువు దాటిపోయింది. చదివేటోళ్లకు చెప్పు, మొదటి గంట కారు తోలుండ్రి, ఆ తర్వాత ఒక అర్ధగంట ఎడిటర్ ముట్టుకోండ్రి, ఉంచుకునుడో వాపస్ చేసుడో అప్పుడే తేల్చుకోండ్రి అని. రేపు మీ రివ్యూలు పదిమంది చదివితే కంపెనీలే గేమ్ ఉత్తగ పంపుతయి, అప్పుడు "గేమ్ మాకు ఫ్రీగ వచ్చింది" అని పైననే రాయాలె, మన దేశంల ప్రకటనల సంస్థ ఏఎస్‌సీఐ 2021లనే దానికి నియమాలు పెట్టింది, మర్యాద కోసం రాసేది కాదు.

మార్కులు. నన్నడిగితే అసలు మార్కులే వద్దంట, కానీ మీరు వినరు, చదివేటోళ్లు కూడ ముందు కిందికి జారి అంకె చూసి పోతరు. సరే, ఒక పని చెయ్యి, కారు తోలుడుకు ఒక అంకె, ట్రాక్ కట్టుడుకు ఒక అంకె వేరు వేరుగ రాయి. రెండు కలిపి సగం చేయకు. కట్టుడు 9 ఉండి తోలుడు 5 ఉంటే సగటు 7 అంటే ఎవనికి ఏం అర్థమైతది, కట్టుకునే పిచ్చి ఉన్నోడు కొనక పోతడు, ఊకనే రేసులు కావాల్సినోడు కొని తిడుతడు. నా అంకెలు కావాలంటే తోలుడు 7, కట్టుడు 6, ఆ పదకొండు ముక్కలు ఊడకపోయి ఉంటే 8 ఇద్దును. మీ ఇద్దరి అంకెలు వేరే వస్తే రెండూ పేర్లతోని వెయ్యున్రి, ఒకరు ఇంకొకరిని ఒప్పియ్యాలని యాడ రాసుంది? కొట్లాటనే చదువుతరు జనం.

రాత గురించి ఒక్కమాట. "కళ్లు చెదిరే గ్రాఫిక్స్, స్మూత్ కంట్రోల్స్, ఓవరాల్‌గా మంచి ఎక్స్‌పీరియన్స్" అన్న లైన్ తీసెయ్యి, అది ఏ గేమ్‌కైనా అతుకుతది, పబ్జీకి కూడ అతుకుతది. దాని జాగల, మలుపుల బ్రేక్ ఇట్ల నొక్కి అట్ల వదిలితే ఎనుక టైర్లు జారి బూస్ట్ నిండుతది, కానీ కీబోర్డ్ మీద స్టీరింగ్ తిరిగితే పూర్తిగ తిరుగుతది, లేకపోతే అస్సలుకే తిరగది కాబట్టి చిన్న మలుపుల కూడ కారు అవసరానికంటే ఎక్కువ జారుతుంది, ఇట్ల రాయి. నువ్వు నాకు ఉత్తరంల ఎట్ల రాసినవో అట్ల రాయి, అండ్ల ఉన్న భాష రివ్యూల లేదు, రివ్యూ కాడికొచ్చేసరికి టీవీ యాంకర్ అయినవ్. డ్రిఫ్ట్ (కారు జారుకుంట తిరుగుడు), బూస్ట్, ల్యాప్ అనే మాటలు అట్లనే ఉంచు, వాటికి తెలుగు వెతకబోతే చదివేటోడు పారిపోతడు.

కంట్రోలర్ కొనకు. కీబోర్డ్ మీద ఆడిన అని రివ్యూల మొదటి నాలుగు లైన్లల్లనే రాయి, మన దిక్కు సగం మంది కీబోర్డ్ మీదనే ఆడుతరు, వాళ్లకు నీ మాటే పనికొస్తది. మీ హాస్టల్ల ఎవని తానన్న ఉంటే ఒక్క సాయంత్రం అడుక్కొని ఆ డ్రిఫ్ట్ సంగతి మాత్రం తేడా చూడు. ఆ 1,500ల మీ దోస్తు వాటా కూడ ఉంటే వాపస్ ఇచ్చెయ్యి. ట్రాక్ కట్టినంక దాని కోడ్ నాకు పంపు, మా అల్లుడు ఆదివారం ఖాళీగనే ఉంటడు, నీ చెక్‌పాయింట్లు ఎట్లున్నయో వాడు చెప్తడు.